వెనిస్‌కు ఒక పూట కాదు, ఒక రోజు ఇవ్వండి: యూరప్ బృంద యాత్రల నిర్వాహకులకు బహిరంగ లేఖ

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం, తిరుపతి నగరాల నుంచి యూరప్‌కు బృంద యాత్రలు నడుపుతున్న సంస్థల యాజమాన్యాలకు,

నమస్కారం.

వెనిస్‌లో మాకు ఎదురైన ఈ విషయాలన్నీ ముందుగా ఒక్క సంస్థకే రాశాం. 2025 మే నెలలో మమ్మల్ని తీసుకువెళ్లిన సంస్థ అది. తిరిగి వచ్చాక తోటి ప్రయాణికులం కలిసి కూర్చుని, జరిగింది జరిగినట్టు రాసి, సంతకాలు చేసి పంపాం. అందిందన్న మాట కూడా రాలేదు. ఫోను చేస్తే మేనేజర్‌గారు ఇంకో బృందంతో టూరులో ఉన్నారన్నారు. తరువాత ఫోను తీయడం మానేశారు. ఈలోగా ఇతర సంస్థలతో వెళ్లివచ్చిన బంధువులను, స్నేహితులను వాకబు చేశాం. వెనిస్ దగ్గరికి వచ్చేసరికి అందరిదీ ఇంచుమించు ఇదే కథ. అందుకే ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. మీ అందరికీ కలిపి రాస్తున్నాం.

మీ వల్ల జరుగుతున్న మేలు మాకు తెలుసు. ఇంగ్లిషులో రెండు ముక్కలు మాట్లాడలేని మా ఊళ్ల పెద్దవాళ్లు కూడా వీసా తెచ్చుకుని, విమానం ఎక్కి, రోమ్ నగరాన్ని, ఆల్ప్స్ మంచుకొండలను చూసి వస్తున్నారంటే అది మీ చలవే. అందుకు కృతజ్ఞతలు.

మీ దగ్గరికి వచ్చేది ఎలాంటివారో కూడా మీకు తెలుసు. మా బృందంలో పదవీ విరమణ డబ్బులో కొంత తీసి భార్యను వెంటబెట్టుకుని వచ్చిన లెక్కల మాస్టారు ఉన్నారు. పల్నాడు నుంచి మిర్చి రైతు దంపతులు వచ్చారు. అమెరికాలో ఉన్న కొడుకు డబ్బు కడితే, ఒంటరిగా బయలుదేరిన పెద్దావిడ ఉన్నారు. వీళ్లెవరూ యూరప్‌కు రెండోసారి వెళ్లరు. వెనిస్ వాళ్ల జీవితంలో ఒక్కసారే వస్తుంది.

ఆ ఒక్కసారీ ఎలా గడిచిందో చెబుతాం. బ్రోషర్‌లో వెనిస్ నగర దర్శనం పూర్తి రోజు అని ఉంది. రాత్రి బస వెనిస్‌లో అని ఉంది. మా హోటల్ అసలు వెనిస్ మునిసిపాలిటీ పరిధిలోనే లేదు. హైవే పక్కన, గోదాముల మధ్య ఉంది. పొద్దున బయలుదేరిన కోచ్‌ను దారిలో ఒక షాపింగ్ మాల్ దగ్గర ఆపారు. త్రోంకెత్తో దీవిలో కోచ్ దిగి, లాంచీ ఎక్కి, సాన్ మార్కో ఒడ్డుకు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. దిగగానే గాజు సామాన్ల దుకాణానికి తీసుకెళ్లారు. తరువాత గొండోలా అనే తెడ్డు పడవలో షికారు. నాలుగు గంటలకల్లా తిరుగు లాంచీ. భోజనం, మూత్రశాల, ఫొటోలు అన్నీ మిగిలిన కాసేపట్లోనే. సాన్ మార్కో చర్చి లోపల అడుగు పెట్టలేదు. వెనిస్ గణతంత్ర అధిపతులు, అంటే డోజ్‌లు, ఉండిన భవనాన్ని బయటి నుంచి చూశాం. రియాల్టో వంతెన గురించి అడిగితే చాలా దూరం, సమయం చాలదన్నారు. సాన్ మార్కో చౌకు నుంచి అది పది నిమిషాల నడక. తిరుమలకు తీసుకెళ్లి, మహాద్వారం చూపించి, వెనక్కి బస్సెక్కించినట్టయింది మా పని.

మా అభ్యంతరాలు, అడుగుతున్నవి కింద వరుసగా రాస్తున్నాం.

1. మాకు కావలసింది రోజంటే రోజు.

ఊరి నడుమగా సాగే పెద్ద కాలువ గ్రాండ్ కెనాల్ పొడవు 3.8 కిలోమీటర్లు. ఊరి అంచున బస్సులు ఆగే పియాజ్జలె రోమా దగ్గరి రేవులో ఒకటో నంబరు వపొరెట్టో ఎక్కితే ఆ కాలువ మొత్తం చూసుకుంటూ ముప్పావు గంటలో సాన్ మార్కో చేరవచ్చు. అది ఆ ఊరివాళ్లు పనులకు వెళ్లే నీటి బస్సు. రెండు ఒడ్లా పాలరాతి ముఖభాగాలతో నీళ్లలోంచి లేచినట్టున్న పాత భవంతులు, 1591లో పూర్తయిన రియాల్టో రాతి వంతెన, కూరగాయల పడవలు, చెత్త తీసుకెళ్లే పడవలు, అంబులెన్సు పడవలు అన్నీ కనిపిస్తాయి. వెనిస్ చూడడమంటే సగం ఇదే. మీరు ఆ దారి వదిలేసి, ఊరి వెనుక వైపు వెడల్పాటి కాలువ మీదుగా లాంచీలో తీసుకెళ్లి అదే వెనిస్ అంటున్నారు. మా బృందంలో చాలామందికి గ్రాండ్ కెనాల్ అనేది ఒకటుందని ఇంటికి వచ్చాకే తెలిసింది.

చౌకులో కూడా అంతే. చర్చి ముంగిట పైన నిలబడిన నాలుగు గుర్రాలను అందరం ఫొటోలు తీశాం. అవి నకళ్లని, 1204లో కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) నుంచి కొల్లగొట్టి తెచ్చిన అసలు గుర్రాలు లోపలి మ్యూజియంలో ఉన్నాయని చెప్పినవారు లేరు. వాటిని 1797లో నెపోలియన్ పారిస్‌కు పట్టుకుపోతే, 1815లో తిరిగి వచ్చాయి. చర్చి లోపల ఎనిమిది వేల చదరపు మీటర్లకు పైగా బంగారు మొజాయిక్ పని ఉంది. డోజ్ భవనంలోని మహాసభ మందిరం 53 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు, నడుమ ఒక్క స్తంభం లేదు. ఆ గదిలో నిలబడి పైకి చూస్తే చాలు, ఈ చిన్న దీవుల గుంపు అన్ని వందల ఏళ్లు సముద్రాలను ఎలా ఏలిందో పదేళ్ల పిల్లవాడికి కూడా అర్థమవుతుంది. టికెట్లు ముందే కొనవచ్చు. బృందాలకు వేళ కేటాయిస్తారు. కావలసిందల్లా మీరు కొనడమే.

పొద్దున తొమ్మిదిలోపు నగరంలో దించండి. సాయంత్రం ఎండ తగ్గాక తిరిగి రండి. కోచ్ డ్రైవరు పనివేళల నిబంధన అడ్డొస్తుందంటారు. ఆ నిబంధన న్యాయమైనదే, ఆయనకూ విశ్రాంతి కావాలి. అయితే ఆ రోజు కోచ్‌తో పని లేకుండా, వెనిస్ దీవులకు ఎదురుగా నేల మీదున్న మెస్త్రెలో బస ఇవ్వండి. అక్కడి నుంచి వెనిస్‌కు రైళ్లు, సిటీ బస్సులు పొద్దున్నించి రాత్రి దాకా నడుస్తూనే ఉంటాయి. రైలుకైతే పది పన్నెండు నిమిషాలు పడుతుంది.

2. పెద్దవాళ్ల మోకాళ్లను లెక్కలోకి తీసుకోండి.

వెనిస్ వందకు పైగా దీవుల మీద, నాలుగు వందలకు పైగా వంతెనలతో ఉంది. కారు లేదు, ఆటో లేదు, సైకిల్ కూడా లేదు. ఎక్కువ వంతెనలకు మెట్లే దారి. ఈ ఒక్క సంగతి బుకింగ్ సమయంలో చెబితే, ప్రయాణికుడు తన శక్తి తాను చూసుకుంటాడు. మాకు ఎవరూ చెప్పలేదు.

లాంచీ దిగిన చోటి నుంచి చౌకుకు వెళ్లే దారిలో వంతెనలు దాటాలి. ఒంటరిగా వచ్చిన ఆ పెద్దావిడ కుడిచేత్తో రాతి పిట్టగోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి, ఊపిరి తీసుకుని మళ్లీ ఎక్కుతున్నారు. అప్పటికే టూర్ మేనేజర్ చేతిలోని జెండా జనంలో కలిసిపోయింది. మాస్టారిగారి భార్య వెనక ఆగి ఆమె చేతిసంచి అందుకున్నారు. "నన్నిక్కడే వదిలేయండమ్మా, మీరు చూసి రండి" అని ఆవిడ మెట్టు మీదే కూర్చున్నారు. రెండు నిమిషాలు కాకముందే యూనిఫాం వేసుకున్న ఒకతను వచ్చి లేవమని చేత్తో సైగ చేశాడు. వంతెన మెట్ల మీద కూర్చుని దారికి అడ్డుపడటం అక్కడ నేరం, జరిమానా ఉంది. అతని తప్పేమీ లేదు. అతను అలా లేపకపోతే వేలమంది వెళ్లే ఆ దారి మూసుకుపోతుంది. ఆవిడ మాత్రం భయపడిపోయి, మిగిలిన సమయమంతా ఎక్కడా కూర్చోకుండా నిలబడే ఉన్నారు.

మరో దారి లేక ఇలా జరిగిందా అంటే, కానే కాదు. వపొరెట్టోలో చక్రాల కుర్చీని కూడా ఎక్కించుకుంటారు. సాన్ మార్కో వల్లరెస్సో రేవులో దిగితే ఒక్క వంతెన ఎక్కకుండా సందులోంచి చౌకుకు చేరవచ్చు. చౌకులోని గంటగోపురానికి లిఫ్ట్ ఉంది. 1902 జూలై 14న కుప్పకూలి, 1912లో మళ్లీ అదే చోట అదే రూపంలో లేచిన గోపురం అది. దాదాపు 99 మీటర్ల ఎత్తు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి కూడా పైకి వెళ్లి ఊరంతా, చుట్టూ ఉన్న సముద్రపు మడుగంతా, ఎర్రటి పెంకుల కప్పులన్నీ ఒక్క చూపులో చూడగలిగే చోటు అది. ఆవిడ దాని నీడలోనే నిలబడ్డారు, పైకి వెళ్లవచ్చని చెప్పిన మనిషి లేడు.

మెట్లు తక్కువ ఉన్న దారిని ముందే ఎంచుకోండి. బృందం వెనుక నడవడానికి రెండో మనిషిని పెట్టండి. దసరా, దీపావళి సెలవుల్లో వెళ్లే బృందాలకు ఇంకో సంగతి కూడా చెప్పాలి. శరదృతువు నుంచి సముద్రం పోటెత్తి వీధుల్లోకి నీళ్లు వస్తాయి. 2019 నవంబర్ 12న పోటు కొలత 187 సెంటీమీటర్లకు చేరింది. 2020 నుంచి సముద్రానికి అడ్డంగా లేచే మోసె గేట్లు పెద్ద పోట్లను ఆపుతున్నాయి గానీ, చౌకు ఊరంతటిలోకీ పల్లపు చోటు కనుక చిన్న పోటుకే తడుస్తుంది. ఏ చెప్పులు వేసుకోవాలో చెప్పడానికి మీకు ఖర్చేమీ కాదు కదా.

3. గొండోలా లెక్క చెప్పండి.

గొండోలా అద్దె నగరపాలన నిర్ణయించింది. 2023 నవంబర్ నుంచి పగటి వేళ అరగంటకు 90 యూరోలు, రాత్రి ఏడు దాటితే 110. అది పడవకు, మనిషికి కాదు. పడవలో ఐదుగురు కూర్చోవచ్చు. అంటే పగలు తలకు 18 యూరోలు. మా దగ్గర కోచ్‌లోనే, చేతికి చేతికి నగదుగా తీసుకున్నది దానికి దాదాపు రెట్టింపు. రసీదు అడిగిన మాస్టారికి అది గ్రూప్ రేటు అని సమాధానం. గ్రూపుకు రేటు తగ్గాలి కదా అని ఆయన అడిగితే, ఇష్టం లేకపోతే ఎక్కవద్దన్నారు. మిర్చి రైతు దంపతుల్లో భార్య ఎక్కారు, భర్త ఒడ్డున ఉండిపోయి ఫొటో తీశారు. ఇద్దరికీ అంత డబ్బు ఎందుకులే అనుకున్నారట. మూడు వేల రూపాయలకు పైగా కదా మరి. పద్దెనిమిది యూరోలే అయితే ఆయన కూడా ఎక్కేవారు. ఈ ఒక్క విషయం మమ్మల్ని ఎంత బాధపెట్టిందో మాటల్లో పెట్టలేం.

అరగంట అన్న ప్రయాణం ఇరవై నిమిషాలు కూడా కాలేదు. అయినా ఆ కాసేపే ఆ రోజంతటిలో మంచి ఘడియ. పదకొండు మీటర్ల ఆ నల్ల పడవను ఎనిమిది రకాల కలపతో, 280 ముక్కలుగా కోసి కూరుస్తారు. ఎడమ పక్క కుడి పక్కకంటే వెడల్పుగా ఉంటుంది. పడవవాడు వెనుక నిలబడి కుడివైపు ఒకే తెడ్డు వేస్తాడు కనుక పడవ ఒక పక్కకు తిరిగిపోకుండా అలా చేస్తారు. మా పడవ నడిపినతను ఇరుకు మలుపులో ఎడమకాలు ఎత్తి ఇంటి గోడను చిన్నగా తన్ని పడవ ముక్కు సరిచేశాడు. తక్కువ ఎత్తు వంతెన రాగానే తెడ్డు వదలకుండా నడుము వంచి కిందనుంచి జారిపోయాడు. ఆ పనితనానికి ఎంతైనా ఇవ్వవచ్చు. మేమిచ్చిన డబ్బులో అతనికి చేరింది ఎంత, మధ్యలో ఆగింది ఎంత అన్నదే మా ప్రశ్న.

అధికారిక అద్దెను బ్రోషర్‌లో అచ్చు వేయండి. మీ సేవా రుసుము ఉంటే విడిగా చూపించి రసీదు ఇవ్వండి. అంత ఖర్చు పెట్టలేనివారికి త్రగెత్తో గురించి చెప్పండి. గ్రాండ్ కెనాల్‌ను ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించే పాత గొండోలా అది. పర్యాటకులకు రెండు యూరోలు. రెండు మూడు నిమిషాలే అయినా, పడవ అదే, నీళ్లు అవే.

4. ప్రవేశ రుసుము, బస.

ఒక్క రోజుకు వచ్చిపోయేవారి మీద వెనిస్ 2024 ఏప్రిల్ 25 నుంచి రుసుము పెట్టింది. 2025లో ఏప్రిల్, జూలై మధ్య 54 రోజులకు అది వర్తించింది. పొద్దున 8:30 నుంచి సాయంత్రం 4 దాకా ప్రవేశించేవారికి, కనీసం నాలుగు రోజుల ముందు కడితే 5 యూరోలు, తరువాత కడితే 10. మన వేసవి సెలవులు సరిగ్గా ఆ నెలల్లోనే వస్తాయి. మేం వెళ్లిన శనివారం కూడా ఆ రోజుల్లో ఒకటి. మీరు నెలల ముందే తేదీలు ఖరారు చేస్తారు కనుక 5 యూరోలతో పోవలసింది. మా దగ్గర ఆ పొద్దున 10 యూరోల చొప్పున వసూలు చేశారు.

ఇంకా విచారమేమిటంటే, వెనిస్ మునిసిపాలిటీ పరిధిలో రాత్రి బస చేసేవారికి ఆ రుసుము లేదు. మెస్త్రె కూడా ఆ పరిధిలోదే. మినహాయింపు నమోదు చేసుకుంటే చాలు. బ్రోషర్‌లో రాసినట్టు మీరు మాకు వెనిస్‌లో బస ఇచ్చి ఉంటే ఆ పది యూరోలు కట్టవలసిన అవసరమే రాదు. చెప్పిన చోట బస ఇవ్వనందుకు ప్రయాణికుడే జరిమానా కట్టినట్టయింది. హోటల్ ఏ ఊళ్లో, ఏ మునిసిపాలిటీలో ఉందో బుకింగ్ కాగితంలో రాయండి.

5. ఇరవై ఐదు మంది నిబంధన. 2024 నుంచి వెనిస్ పాత నగరంలో, మురానో, బురానో, తొర్చెల్లో దీవుల్లో గైడు వెంట నడిచే బృందం 25 మందికి మించకూడదు. లౌడ్‌స్పీకర్లు నిషేధం. మా బృందం నలభైకి పైనే, గైడు ఒక్కరే. వెనుక ఉన్నవారికి ఒక్క ముక్క వినపడలేదు. నిబంధన వచ్చిందని మీకు తెలియదని మేం అనుకోవడం లేదు. రెండో గైడును పెట్టండి, చెవిలో పెట్టుకునే చిన్న పరికరాలు ఇవ్వండి.

6. గాజు దుకాణాన్ని దర్శనంలో కలపవద్దు.

అగ్నిప్రమాదాల భయంతో 1291లో వెనిస్ గణతంత్రం గాజు కొలుములన్నిటినీ మురానో దీవికి పంపించింది. ఏడు వందల ఏళ్లుగా అక్కడ తండ్రి నుంచి కొడుక్కి చేతులు మారిన విద్య అది. దాన్ని చూడాలని మాకూ ఉంది. మమ్మల్ని తీసుకెళ్లింది మురానోకు కాదు, ఒడ్డునే ఉన్న ఒక దుకాణానికి. ఒక పనివాడు నిమిషాల్లో గాజు గుర్రం బొమ్మ చేసి పక్కన పెట్టాడు. ఎర్రగా కాలిన ముద్దలోంచి పటకారుతో కాళ్లు, జూలు లాగుతుంటే మా పిల్లలు నోరు తెరుచుకుని చూశారు. ఆ తరువాత తలుపు మూసి, ధరలు చెప్పడం మొదలైంది. కొననివారిని కూడా బయటికి పంపలేదు. అమ్మకంలో మీకు వాటా ఉందో లేదో మీరే చెప్పాలి. ఉంటే, అది మా సమయాన్ని అమ్ముకున్న డబ్బు. దుకాణానికి వెళ్లడం ఇష్టమున్నవారికే వదిలేయండి, లేదా నిజంగా మురానోకే తీసుకెళ్లండి.

7. తిండి, నీళ్లు, మూత్రశాల.

ఆ రోజు మధ్యాహ్న భోజనం సొంతంగా చూసుకోవాలని లాంచీలో చెప్పారు. ఉల్లి, వెల్లుల్లి తినని పెద్దలు ఇంటి నుంచి తెచ్చుకున్న అటుకులు, పొడులు, హోటల్ కెటిల్‌లో తడిపి కలుపుకున్న పులిహోర డబ్బాల్లో ఉన్నాయి. చౌకులో నేల మీద, మెట్ల మీద కూర్చుని తినడం నిషేధమని, 100 నుంచి 200 యూరోల దాకా జరిమానా ఉందని డబ్బా తెరిచాక తెలిసింది. గోడవైపు తిరిగి, నిలబడి, నాలుగు ముద్దలు మింగారు. ఎవరింటి పెద్దలనైనా అలా చూడగలమా? పావురాలకు గింజలు వేయడం కూడా 2008 నుంచి నేరమే. పిల్లలున్నవారికి ఇది తప్పకుండా చెప్పాలి.

మూత్రశాలకు ఒకటిన్నర యూరో. చిల్లర లేక ఆడవాళ్లు పడిన ఇబ్బంది మమ్మల్ని తీసుకెళ్లిన సంస్థకు విడిగా రాశాం, ఇక్కడ వద్దు. మంచినీళ్లు మాత్రం ఉచితం. నగరమంతటా చిన్న ఇనుప కుళాయిలు ఉన్నాయి, ఆ నీళ్లు శుభ్రంగా తాగవచ్చు. మా వాళ్లు సీసాకు రెండు మూడు యూరోలు పెట్టి కొన్నారు. కూర్చుని తినగలిగే చోటు ఒకటి ముందే మాట్లాడి పెట్టండి. నియమాల కాగితం తెలుగులో అచ్చువేసి విమానం ఎక్కకముందే ఇవ్వండి.

8. మనవాళ్లకు అక్కడ చూపించవలసింది ఇంకొకటి ఉంది.

రియాల్టో వంతెన దగ్గరి నుంచి, వంతెన ఎక్కకుండానే కాస్త నడిస్తే, మలిబ్రాన్ రంగశాల వెనుక ఒక ఇరుకు ముంగిలి వస్తుంది. కోర్తె సెకొండా దెల్ మిలియోన్. మార్కో పోలో కుటుంబం ఇల్లు ఉన్న చోటు. 1295లో తూర్పు దేశాల నుంచి ఆయన తిరిగి వచ్చింది ఈ ఊరికే, 1324లో పోయింది ఈ ఊళ్లోనే. ఆయన యాత్రా కథనంలో ముత్ఫిలి అనే రాజ్యం ఉంది. చరిత్రకారులు దాన్ని బాపట్ల జిల్లాలోని మోటుపల్లిగా, ఆ కథనంలో న్యాయంగా పాలించిందని పొగిడిన రాణిని మన రుద్రమదేవిగా గుర్తించారు. ఆమె రాజుగారి భార్య అని ఆయన విన్నాడు. నిజానికి గణపతిదేవుని కూతురు. వానాకాలం వరదల్లో కొండల మీంచి కొట్టుకువచ్చే వజ్రాల గురించి, సాలెగూడంత సన్నని నూలు బట్టల గురించి కూడా ఆయన చెప్పాడు. ఆ గుడ్డ నేసినవాళ్లు మన ఊళ్లవాళ్లు.

అదే మోటుపల్లిలో 1244లో గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం ఉంది. తుఫానుకు ఒడ్డెక్కిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారు. ఇక మీదట అలా జరగదని, నిర్ణయించిన సుంకం తప్ప ఏమీ తీసుకోనని దూరదేశాల వర్తకులకు ఆయన మాట ఇచ్చాడు. వచ్చినవాడి దగ్గర ఎంత తీసుకుంటామో ముందే రాతి మీద చెక్కించిన రాజు ఏలిన నేల మనది. మిమ్మల్ని మేం అడుగుతున్నది అంతకంటే ఎక్కువేమీ కాదు.

వెనిస్ మడుగుకు దక్షిణ కొసన ఉన్న కియోజ్జాలో పుట్టిన నికొలో దె కొంతి, 1420 ప్రాంతంలో విజయనగరం చూసి రాయించిన వర్ణన ఈనాటికీ మన చరిత్ర పుస్తకాలకు ఆధారం. డోజ్ భవనంలో పటాల గది కూడా ఉంది. వెనిస్ యాత్రికులు తిరిగిన దేశాలు గోడల నిండా గీసి ఉంటాయి. ఒక తెలుగు గైడు మార్కో పోలో ఇంటి ముంగిట్లో నిలబడి ఈ నాలుగు మాటలు చెబితే, మిర్చి రైతు నుంచి మాస్టారి దాకా ప్రతి ఒక్కరికీ ఆ ఊరు పరాయిది కాదనిపిస్తుంది. ఆ ముంగిలికి టికెట్టు లేదు, క్యూ లేదు, కాస్త నడక చాలు.

చివరిగా ఆ ఊరివాళ్ల సంగతి కూడా ఆలోచించండి. 1950ల మొదట్లో పాత నగరంలో లక్షా డెబ్బై వేల పైచిలుకు జనం ఉండేవారు. ఇప్పుడు యాభై వేలకు లోపే. ఇళ్లు పర్యాటకుల గదులుగా మారిపోయాయి. నడిమధ్యాహ్నం వచ్చి, ఒకే వీధిలో కిక్కిరిసి, మూడు నాలుగు గంటల్లో వెళ్లిపోయే మా లాంటి బృందాల వల్ల వాళ్లకు ఒరిగేది చాలా తక్కువ, ఇబ్బంది మాత్రం చాలా ఎక్కువ. పిల్లవాడిని బడి నుంచి తీసుకొస్తున్న ఒక తల్లి మా గుంపు దాటడానికి సందు మొదట్లో నిలబడి ఎదురుచూడడం మేం చూశాం. రోజంతా ఉండి, నిదానంగా, చిన్న జట్లుగా నడిస్తే, అక్కడి దుకాణంలో తిని, అక్కడి పడవ ఎక్కితే, మాకూ గౌరవం, వాళ్లకూ మేలు.

తోటి తెలుగు ప్రయాణికులకు ఒక మాట. డబ్బు కట్టేముందు నాలుగు సంగతులు రాతపూర్వకంగా అడగండి: వెనిస్ నగరంలో ఎన్ని గంటలు, హోటల్ ఏ ఊళ్లో, ఏయే చోట్ల లోపలికి వెళ్లే టికెట్టు ధరలో కలిసి ఉంది, గొండోలాకు ఎంత. నోటి మాట తీసుకోవద్దు. బ్రోషర్‌ను, రసీదులను దాచుకోండి.

నిర్వాహకులకు మా విన్నపం ఇది. వచ్చే వేసవి బ్రోషర్లు అచ్చుకు వెళ్లేలోగా పై ఎనిమిది అంశాలలో వేటిని అంగీకరిస్తారో, వేటిని కాదంటారో, ఎందుకు కాదంటారో బహిరంగంగా ప్రకటించండి. రోజంతా ఇస్తే ధర పెరుగుతుందంటే ఎంత పెరుగుతుందో చెప్పండి. కట్టగలిగినవారు కడతారు. మమ్మల్ని తీసుకెళ్లిన సంస్థ గొండోలాకు, ప్రవేశ రుసుముకు అదనంగా తీసుకున్న సొమ్ము లెక్క చూసి వెనక్కి ఇవ్వాలి. మా లేఖకు జవాబు ఇవ్వాలి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనను, సేవాలోపాన్ని రెండింటినీ గుర్తిస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయడానికి, జిల్లా వినియోగదారుల కమిషన్ మెట్లెక్కడానికి కాగితాలన్నీ సిద్ధంగా ఉన్నాయి. అంతదాకా వెళ్లకుండా మీతో కూర్చుని మాట్లాడటమే మాకిష్టం. ఎప్పుడు, ఎక్కడికి రమ్మన్నా వస్తాం.

ఇట్లు,
2025 మే బృందంలోని తోటి ప్రయాణికుల తరఫున,
ఒక యాత్రికుడు